మూడో చుక్క

టుప్. టుప్.

తర్వాత ఏమీ లేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత ఖాళీ. ఆ ఖాళీకి అవతల, కొంచెం దూరంగా, కొంచెం సన్నగా, ఒక్కటే: టిప్.

ఆకు కొస నుంచి రాతిగుంటలోకి రెండు చుక్కలు జారి, మూడోది జారాలా వద్దా అని తటపటాయించి, చివరికి జారినట్టుండే ఆ కూతను నేనెప్పుడూ కళ్ళు మూసుకునే వినేదాన్ని. కళ్ళు తెరిస్తే అడవి ఉండదు. పార్కు కార్యాలయంలో మెట్లకింద గది ఉంటుంది. కిటికీ లేని గది. చప్పుడు చొరబడకుండా గోడల నిండా ఖాళీ గుడ్ల అట్టలు అతికించిన గది. ఒక బల్ల, ఒక కంప్యూటరు, సాయంత్రానికి చెవులు కందిపోయేలా నొక్కే ఒక హెడ్‌ఫోను.

నా ఉద్యోగం వినడం. ఏం చేస్తున్నావని చుట్టాలు అడిగితే అదే చెప్పేదాన్ని. "వినడం సరేనమ్మా, పనేంటి?" అని వాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు. అడవిలో పద్నాలుగు చోట్ల చెట్లకు రికార్డింగు పెట్టెలు కట్టి ఉంటాయి. వేకువ నుంచి పొద్దెక్కేదాకా అవి విన్నదంతా వారానికోసారి గోరంత చిప్పుల్లో నా బల్ల మీదికి చేరుతుంది. ఏ పిట్ట ఎక్కడ ఎన్నిసార్లు పలికిందో విని, కాగితం మీద గీతలు గీస్తాను.

మా పార్కులో సోమవారం ఉదయం హాజరు రెండుసార్లు వేస్తారు. మొదట మనుషులకు, తర్వాత పిట్టలకు. ఏనాటి రేంజరో సరదాకు మొదలుపెట్టిన పని అది. సరదా పోయాక కూడా నిలిచిపోయింది. కనుమరుగవుతాయేమోనని భయపడుతున్న ఇరవైమూడు పిట్టల జాబితాను రేంజరు గారు వరుసగా చదువుతారు. పేర్లు చదవరు, నంబర్లు చదువుతారు. ఆ వారం దాన్ని విన్నవాళ్ళు దాని తరఫున "ఉన్నాను" అంటారు. పేర్లు పలకకపోవడం అడవికి కాపలా తిరిగే వాచర్ల పట్టింపు. అడవిలో ఉన్నదాన్ని పేరుపెట్టి పిలిస్తే అది వెళ్ళిపోతుందని వాళ్ళ నమ్మకం. పేరు పైకి చెప్పేది ఒక్కసారే, అది ఇక ఇక్కడ లేదని తేలిన రోజున. చివరిసారి దాన్ని తన చెవులతో విన్న మనిషి నిలబడి, ఆ పేరు చెప్పి కూర్చోవాలి. దాన్ని పేరు అప్పజెప్పడం అంటారు. ముప్పై ఏళ్ళలో నాలుగు పేర్లు అప్పజెప్పారు.

ఆ మూడు చుక్కల కూత నా జాబితాలో మూడో నంబరు. మొదటి రెండు చుక్కలు మగపిట్టవి. మూడోది ఆడపిట్ట బదులు. పార్కు మొత్తంలో మిగిలినది ఆ ఒక్క జంటే, కింది లోయలో, వాగు ఒడ్డున. దానికోసమే గూడుకట్టే కాలమంతా కింది లోయ దారి మూసేవాళ్ళు. మనుషులు వెళ్ళరు గనుక, ఆ పిట్ట హాజరు పలికే పని పెట్టె విన్నదాన్ని వినే నాదే అయింది. రేంజరు గారు "మూడు" అనగానే "ఉన్నాం, ఇద్దరం" అనేదాన్ని. హాలంతా నవ్వేది. వెనక బెంచీ మీద రిటైరైనవాళ్ళ మధ్య కూర్చునే మా నాన్న మాత్రం కిటికీ బయటికి చూసేవాడు.

నాన్న ముప్పై రెండేళ్ళు ఇక్కడే వాచరు. అమ్మ ఇప్పటికీ గేటు దగ్గర టికెట్లు చింపుతుంది. ఊరూ పేరూ తెలియనివాళ్ళకు రోజంతా మర్యాదగా "ప్లాస్టిక్ లోపలికి తీసుకెళ్ళకండి" అని చెప్పీ చెప్పీ ఇంటికి వచ్చేసరికి, ఆమె దగ్గర మాకోసం మిగిలేవి ఎత్తిపొడుపులే.

"మీ నాన్నకి ఎవరో ఉన్నారే," అంది ఒకరోజు పొద్దున, బ్రెడ్డుకు వెన్న రాస్తూ.

"ఎవరు?"

"అదే తెలిస్తే వెళ్ళి జుట్టు పట్టుకుందును కదా. రిటైరై రెండేళ్ళయినా నాలుగున్నరకే లేవడమేంటి? గడ్డం గీసుకోవడమేంటి? ఫ్లాస్కులో కాఫీ పోసుకుని పిల్లిలా జారుకోవడమేంటి? ఉద్యోగం చేసిన రోజుల్లో వారానికోసారి గీసుకుంటే గొప్ప."

నాన్న పేపరు వెనక నుంచి అన్నాడు. "వాకింగు. డాక్టరు చెప్పాడు."

"పొద్దున్నే నడవమన్నాడు. కోడిని లేపి నడవమనలేదు."

నాన్న పేపరు మడిచి లేచాడు. లేస్తుంటే కుడి మోకాలు టక్కుమంది. ఎప్పుడో వాగు దాటుతూ జారి పడ్డప్పటి నుంచి అది అంతే. కూర్చుని లేచిన ప్రతిసారీ తలుపు గడియ తీసినట్టు ఒక్క చప్పుడు చేస్తుంది.

"తీశారు గడియ," అంది అమ్మ. "ఈ మోకాలు పెట్టుకుని మీరు దొంగతనానికి కూడా పనికిరారు. ఆ వచ్చేది ఎవరో గానీ ముందే వినేసి సర్దుకుంటుంది."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ చప్పుడు నా చెవిలో పుట్టినప్పటి నుంచీ ఉంది. దాన్ని నేను ఎన్నడూ వినలేదు, తెలిసి ఉన్నానంతే.

పెట్టెలకు బ్యాటరీలు మార్చే మనిషిని అందరూ బ్యాటరీ బావ అంటారు. ఎవరికి బావో ఎవరికీ తెలియదు, అందుకని అందరికీ బావే. ఆ వారం చిప్పులు తెచ్చి బల్ల మీద పోస్తూ అన్నాడు.

"మొన్న గాలివానకి తొమ్మిదో పెట్టె చెట్టు కూలిపోయిందమ్మా. వాగు కిందికి మార్చేశా. అక్కడ చదునుగా ఓ బండ ఉంటుంది, దాని పక్క చెట్టుకి కట్టా. ఇకనుంచి నీ మొగుడూ పెళ్ళాలు నీ చెవిలోనే కాపురం పెడతారు."

"ఇన్నాళ్ళూ దూరం నుంచే విన్నాలే బావా. కూత చిన్నది కదా."

"పిట్ట కొంచెం కూత ఘనం అంటారు. దీనికి కూత కూడా కొంచెమే, పాపం."

ఆ సాయంత్రం తొమ్మిదో పెట్టె చిప్పు పెట్టాను. బావ చెప్పినట్టే ఇద్దరూ చెవి పక్కకు వచ్చారు. టుప్, టుప్. నాలుగు అంకెల ఖాళీ. టిప్. ఎంత దగ్గరగా అంటే, ఆ మూడో చుక్కకు ముందు గాలి పీల్చుకున్న సన్నని చప్పుడు కూడా వినిపించింది. నేను గీత గీశాను. మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి. మళ్ళీ గీత. ఆరుంబావు దాటాక కూతలు ఆగాయి. వాగు ఒక్కటే మిగిలింది.

అప్పుడు వినిపించింది. టక్.

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. వెనక్కి తిప్పి విన్నాను. ఏడుసార్లు విన్నాను. తర్వాత గది తలుపు గడియ పెట్టి పాత కాగితాలు తీశాను. క్రితం ఏడాది ఒక నెలలో వరసగా ఐదు రోజులు మూడో చుక్క లేదు. "ఆడది నీరసంగా ఉన్నట్టుంది" అని నా చేతిరాతతోనే రాసి ఉంది. ఆ ఐదు రోజులూ నాన్న జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. పక్కనే పక్షుల డాక్టరమ్మ ఎర్రసిరాతో రాసిన మాట: "ఆడదానికి వయసు మీద పడుతోంది. స్వరం లావెక్కుతోంది."

మర్నాడు నాన్న వెళ్ళిన పావుగంటకు నేనూ బయల్దేరాను. తూరుపు తెలతెల్లగా ఉంది. "దారి మూసివేయబడినది" అనే బోర్డు కిందినుంచి వంగి లోయలోకి దిగాను. గడ్డి మీద నాకంటే ముందు నడిచిన ఒక్క మనిషి అడుగులు తడిలో నల్లగా కనిపించాయి.

చదునైన బండ మీద కూర్చుని ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, మెడదాకా పెట్టిన గుండీలు, పక్కన ఫ్లాస్కు. ఎదురుగా, వాగు మీదికి వంగిన కొమ్మ మీద పిడికెడంత బూడిదరంగు పిట్ట. దాని గొంతు కింద తెల్లమచ్చ ఒకసారి ఉబ్బింది, ఇంకోసారి ఉబ్బింది. టుప్, టుప్. తర్వాత అది తల పక్కకు వాల్చి ఆగింది. ఆ ఆగడంలో దాని ఒళ్ళంతా ఒక చెవి.

నాన్న పెదవులు కొద్దిగా ముందుకు వచ్చాయి. టిప్.

పిట్ట ఈక ఈకా విదిలించుకుంది. నాన్న వైపు కాదు, నాన్న వెనక ఉన్న పొదవైపు చూసింది. కిందికి దిగి రాళ్ళ సందున ఒక నాచుపోగు ముక్కున కరుచుకుని, చెట్టువేళ్ళ కింద కట్టిన గూటిలో పెట్టి, మళ్ళీ కొమ్మకెక్కి పొదవైపు చూసింది.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాన్న ఉలిక్కిపడలేదు. ఫ్లాస్కు పక్కకు జరిపి అడిగాడు.

"ఎవరు చెప్పారు అమ్మలూ?"

"నీ మోకాలు చెప్పింది నాన్నా."

"పెట్టె పైమలుపులో కదా ఉంటుంది. అంత దూరం నా ఈల వినపడదనుకున్నాను."

"పైమలుపు నుంచి కూడా వినపడింది. ఇప్పుడు కిందికి మార్చారు. నీ నెత్తి మీదే ఉంది చూడు."

తలెత్తి చూశాడు. ఆకుల్లో పెట్టె పచ్చదీపం మిణుకుమంది.

"అంటే నేను లెక్కలో పడ్డానా?"

"రెండేళ్ళ నుంచి. ఆడపిట్టగా."

నవ్వబోయి నవ్వలేకపోయాడు. సోమవారాలు నా నోటివెంట "ఇద్దరం" అన్న మాట విని కిటికీ బయటికి చూసింది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎక్కడో ఇంకో ఆడది ఉందేమోనని, పెట్టెకు వినిపిస్తోందేమోనని, అతను ఆశపడుతూ వచ్చాడు. నేను అతన్ని విని రాశాను; నా రాత చూసి అతను నమ్మాడు.

"దానికి ఏమైంది నాన్నా, ఆడదానికి?"

"నేనే అయ్యాను," అన్నాడు.

తర్వాత చెప్పాడు, పిట్టమీంచి చూపు తిప్పకుండా. ఈల మాస్టారని సందర్శకులు పిలిచే రోజుల్లో ఎవరు అడిగినా వేసేవాడట. మగపిట్ట రెండు చుక్కలూ ఈలవేస్తే ఆడది గూడు వదిలి కొమ్మ మీదికి వచ్చి బదులిచ్చేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నాన్నకు చప్పట్లు ఇష్టం. మా ఇంట్లో ఎవరూ కొట్టరు కదా. ఆ పొద్దున ముసురు పట్టి ఉంది. మూడు బృందాలు వచ్చాయి. కెమెరాలో సరిగా పడలేదని ఒకరు, మా పాప చూడలేదని ఒకరు.

"పదకొండుసార్లు పిలిచాను. పదకొండుసార్లూ వచ్చింది. మొగుడే పిలుస్తున్నాడనుకుంది. గుడ్ల మీద కూర్చున్న తల్లిని ముసుర్లో పదకొండుసార్లు లేపాను. సాయంత్రం వెళ్ళి చూస్తే నాలుగూ చల్లగా ఉన్నాయి. వేలితో ముట్టుకుని చూశాను అమ్మలూ, గులకరాళ్ళలా ఉన్నాయి."

"మళ్ళీ పెట్టేది కదా?"

"పెట్టేదేమో. వచ్చినవాళ్ళు నా ఈలని ఫోన్లలో పట్టుకెళ్ళారు. ఒకరి నుంచి ఒకరికి పోయింది. ఆ కాలమంతా ఈ లోయ పొడుగునా నా ఈలే మోగింది. అడుగుకో మొగుడు పిలుస్తుంటే అది ఏ వైపని వెళ్తుంది? తిండి మానేసి తిరిగింది. ఆకులు రాలేసరికి లేదు. అప్పుడు దారి మూశారు, చేతులు కాలాక."

వాగు పారుతూనే ఉంది. పిట్ట మళ్ళీ రెండు చుక్కలు పలికి ఆగింది.

"మరుసటేడు ఒక్కసారి చూసి పోదామని వచ్చాను. ఇదుగో, ఇలాగే రెండు పలికి ఆగింది. ఆ ఆగడం ఎలా ఉంటుందో నీకు తెలీదు. మీ పెట్టెలు కూతనే పట్టుకుంటాయి. ఆగడాన్ని పట్టుకోవు."

టిప్, అన్నాడు పిట్టతో.

పక్షుల డాక్టరమ్మ గదికి నేనొక్కదాన్నే వెళ్ళాను. అంతా విని ఆమె మొదట నవ్వింది. "ఆ స్వరం మీద నేను పరిశోధనా వ్యాసం రాశానమ్మా. వయసుతోపాటు ఆడపిట్ట గొంతులో వచ్చే మార్పులు. పన్నెండు పేజీలు." ఆ తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. మళ్ళీ పెట్టుకునేసరికి మొహంలో నవ్వు లేదు.

"ఈ జాతిలో మగది బదులు కోసం మహా అయితే నలభై రోజులు చూస్తుంది. రాకపోతే ఆ చోటు వదిలేస్తుంది. కొండ దాటి అవతలి అడవికి పోతుంది. అక్కడ ఆడవి ఉన్నాయి. మగవే తక్కువ."

"మరి ఇది వెళ్ళలేదే."

"బదులు వస్తోంది కదమ్మా."

ఆ మాట ఆమె మెల్లగానే అంది. గోడకున్న అడవి పటం నాకు కాసేపు కనిపించలేదు.

"దాని వయసెంత మేడమ్?"

"ఆరు. ఏడు చూసినవి అరుదు. రెండేళ్ళ కిందటే వెళ్ళి ఉంటే ఈపాటికి..." ఆపేసింది. పటం మీద కొండ కొసను వేలితో చూపింది. "అప్పుడు అక్కడ చిన్న రోడ్డు. ఇప్పుడు ఆరు వరుసలు. అయినా దాటలేదని చెప్పలేం. ముందు మీ నాన్నగారు మానెయ్యాలి. ఒక్కసారి కూడా బదులివ్వకూడదు. ఒక్కటి వినపడితే నలభై రోజులూ మళ్ళీ మొదటి నుంచి లెక్క. కాలం సరిపోదు."

"జంట" అన్న మాటను నా జాబితాలో కొట్టేసి, "ఒంటరి మగది" అని రాసి సంతకం పెట్టాను. జంట లేకపోతే లోయ మూసి ఉంచడానికి నిబంధన లేదు. రేంజరు గారు కాగితం రెండుసార్లు చదివి, దారి తెరవమని పైనుంచి ఎన్నాళ్ళుగానో ఒత్తిడి ఉందని చెప్పి, "నలభై రోజులు ఆపగలను. ఆపైన నా చేతుల్లో లేదు తల్లీ," అన్నారు. దాన్ని బతికించాలంటే మా జాబితాలోంచి అది పోవాలి. మేము కోరుకోగలిగిన మేలు అదొక్కటే.

నాన్నకు ఎలా చెప్పాలో దారి పొడుగునా అల్లుకున్నాను. గుమ్మంలోకి వచ్చేసరికి అల్లినదంతా ఊడిపోయింది. అతను ఫ్లాస్కు కడిగి బోర్లిస్తున్నాడు.

"నలభై రోజులు నువ్వు వెళ్ళకూడదు నాన్నా."

"పిలుస్తుందే."

"పిలవనీ. ఎవరూ పలక్కపోతేనే అది కొండ దాటుతుందట. అవతల దానికి తోడు దొరుకుతుందట."

చేతిలోని మూతను అటూ ఇటూ తిప్పాడు. వాచరు కదా, అడుగులు చూసి జంతువు ఎటు పోయిందో చెప్పే మనిషి. నేను చెప్పనిది చదవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

"అంటే ఇన్నాళ్ళూ దానికి గడియ పెట్టింది నేనన్నమాట."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. ఆరోజు ఎత్తిపొడుపు లేదు.

మర్నాటి నుంచి అతను గడ్డం గీసుకోవడం మానేశాడు. నాలుగున్నరకు మెలకువ వచ్చేది. మంచం అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకునేవాడు. లోయ మా ఇంటికి వినిపించేంత దగ్గర కాదు. అయినా కిటికీ మూసేవాడు. బ్యాటరీ బావ తొమ్మిదో పెట్టె చిప్పు ఏ రోజుదారోజు తెచ్చిచ్చేవాడు, హాస్యాలాడకుండా. సాయంత్రం నేను గుమ్మం ఎక్కగానే నాన్న ఒకే మాట అడిగేవాడు.

"ఎన్ని?"

"నాలుగు వందల పన్నెండు."

మొదటి రోజది. రెండో రోజు ఐదు వందలు దాటింది. మూడో రోజు పొద్దెక్కినా ఆపలేదు. నేను గుడ్ల అట్టల మధ్య కూర్చుని ప్రతి రెండు చుక్కలకూ ఒక గీత గీస్తూ, ప్రతి గీతకూ తర్వాత నాలుగు అంకెలు లెక్కపెట్టేదాన్ని. అలవాటు. ఐదో అంకె నా నోట్లో ఎక్కడ ఉంచుకోవాలో తెలిసేది కాదు.

పంతొమ్మిదో రోజు వేకువన అలికిడికి లేచి చూశాను. నాన్న బూట్లు వేసుకుని ఉన్నాడు. అమ్మ తలుపుకు వీపు ఆనించి నేలమీద కూర్చుని ఉంది.

"ఒక్కసారి," అంటున్నాడు. "బదులివ్వను. చూసి వచ్చేస్తాను."

"మీరు చూసి ఊరుకోగలిగే మనిషైతే ఇంతదాకా వచ్చేదా?"

"అది నన్ను నమ్ముకుని ఉందే."

"నమ్ముకుంది కాబట్టే వద్దంటున్నాను." ఆమె చేయి చాచి అతని బూటు ముడి విప్పింది, తర్వాత రెండోది. "సవతి ఉందనుకున్నాను. సవతే ఉన్నా బాగుండేదండీ. ఏడ్చి, తిట్టి, ఊరుకునేదాన్ని."

నాన్న ఆమె పక్కనే నేలమీద కూలబడ్డాడు. పూర్తిగా తెల్లవారేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. ఆ రోజు గేటు దగ్గర టికెట్లు గంట ఆలస్యంగా మొదలయ్యాయి.

ఇరవై ఆరో రోజు తొంభై. ఇరవై తొమ్మిదో రోజు పదిహేడు. ముప్పై ఒకటో రోజు తొమ్మిదో పెట్టెలో వాగు తప్ప ఏమీ లేదు. గూటి పక్కన నాచుపోగు ఒకటి అలాగే పడి ఉందని బావ చెప్పాడు. నేను ఇంటికి పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

"సున్నా నాన్నా."

నాన్న లేచి, అద్దం ముందు నిలబడి, ఆ సాయంత్రం పూట నురగ పూసుకుని గడ్డం గీసుకున్నాడు. గీసుకుంటూ ఏడ్చాడు. అమ్మ తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

తర్వాతి వారం శుక్రవారం పద్నాలుగో పెట్టె చిప్పు వచ్చింది. అది కొండ కొసన, ఆరు వరుసల రోడ్డు పక్కన ఉంటుంది. అందులో పిట్టలేవీ వినిపించవు గనుక దాన్ని వేగంగా తిప్పి వినేయడం మా అలవాటు. ఆ రోజు తిప్పలేదు. లారీ. లారీ. హారను. బస్సు. లారీ వెళ్ళాక అరక్షణం సందు. ఆ సందులో, టుప్ టుప్.

ఆరు పొద్దులు ఉంది అక్కడ. ఆరు పొద్దులూ పిలిచింది. ఏడో పొద్దున లారీలే ఉన్నాయి.

ఇంట్లో ఏం చెప్పాలని ఆలోచించాను. దాటింది అంటే అయిపోయేది. కానీ నేను అప్పటికే రెండేళ్ళు "ఇద్దరం" అని లేనిదాన్ని చెప్పి ఉన్నాను. నాన్నను మెట్లకింద గదికి తీసుకొచ్చి, నా కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోను పెట్టాను. అతను కళ్ళు మూసుకున్నాడు. తెర మీద పచ్చగీత లేస్తూ పడుతూ ఉంటే నేను అతని మొహమే చూశాను. ఒకచోట పెదవులు ముందుకు వచ్చాయి. చప్పుడు రాలేదు. అరచేత్తో నోరు నొక్కుకున్నాడు.

చాలాసేపటికి హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"దీనికి ఆగే చోటు లేదు అమ్మలూ," అన్నాడు. "రెండు పలికి ఆగాలి కదా. ఆ లారీలు ఆగనివ్వడం లేదు. అవతల నుంచి ఎవరైనా బదులిచ్చినా దానికి ఎలా వినపడుతుంది?"

డాక్టరమ్మ అవతలి అడవివాళ్ళకు ఉత్తరం రాసింది. గూడుకట్టే కాలం ముగిసేదాకా అక్కడి పెట్టెలన్నీ వెతికించింది. ఆడపిట్టలు వినిపించాయట. కొత్త మగది వినిపించలేదు. ఈలోగా నలభై రోజులూ నిండి లోయ దారి తెరిచారు. చదునైన బండ మీద జనం కూర్చుని ఫొటోలు తీసుకున్నారు. ఒక సాయంత్రం టికెట్టు కిటికీ ముందు ఒక కుర్రవాడు ఫోనులో రెండు చుక్కల ఈల మోగించి, ఈ పిట్ట ఎక్కడ కనిపిస్తుందని మా అమ్మను అడిగాడు. అమ్మ ఆ ఈల ఎవరిదో గుర్తుపట్టింది. అతనికి టికెట్టు చింపి ఇచ్చి, ప్లాస్టిక్ తీసుకెళ్ళవద్దని చెప్పింది.

ఆకులు రాలడం మొదలైన సోమవారం. మనుషుల హాజరు అయిపోయింది. రేంజరు గారు రెండో కాగితం తీశారు.

"ఒకటి."

"ఉన్నాను," అన్నాడు పైమలుపు వాచరు.

"రెండు."

"ఉన్నాను," అన్నాడు బ్యాటరీ బావ.

"మూడు."

అది నేను పలికే చోటు. నా పెదవులు కలిసి ఉన్నాయి. హాల్లో ఎవరూ కదలలేదు. గోడ గడియారం ఒకటి, రెండు, మూడు, నాలుగు కొట్టుకుంది.

వెనక బెంచీ మీద టక్కుమంది.

నాన్న నిలబడి ఉన్నాడు. నున్నగా గీసిన గడ్డం, మెడదాకా గుండీలు. రేంజరు గారు కాగితం దించి, తనూ లేచి నిలబడ్డారు. నాన్న పెదవులు ముందు ఈలకు గుండ్రంగా అయ్యాయి. అలాగే కాసేపు ఉన్నాయి. తర్వాత మెల్లగా విడిపోయాయి. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలోనూ ఆ తర్వాతా అడవిలో గానీ ఇంట్లో గానీ ఒక్కసారైనా పలకని ఆ పేరును, నిద్రపోతున్న పసిబిడ్డను ఇంకొకరి చేతుల్లో పెడుతున్నంత నెమ్మదిగా, పైకి చెప్పాడు.

"చినుకుపిట్ట."